లిప్‌స్టిక్‌లో రేడియో

(బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలూ, విద్యార్థినులూ కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినవాళ్ళు నన్ను స్త్రీలూ మార్కెట్టూ అన్న అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశాన్ని ఒక గంటలో చుట్టబెట్టటం నావల్ల కాదు. అందుకని ఆవగింజ కంటే చిన్నదయిన ఒక వస్తువు గురించి మాత్రమే మాట్లాడతాను. మనం కొనే చొక్కాకి వేలాడే చీటీలో, బ్యాంకు కార్డు పొరల మధ్య ఇప్పుడు అది ఉంటోంది. వైరు అక్కర్లేకుండా, మనం తీసి చూపించకుండానే, తనెవరో దగ్గర్లో ఉన్న యంత్రానికి చెప్పేస్తుంది. ఇది ఇంజనీర్ల వ్యవహారం కదా, మహిళా సంఘాలకెందుకని ఒక స్నేహితురాలు అడిగింది. నా అనుభవం ఒకటి చెప్పి మొదలుపెడతాను.

రెండేళ్ళ క్రితం మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురి పెళ్ళికి చీర కొనటానికి ఇద్దరం కలిసి ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. షాపు పేరు చెప్పను. అటువంటివి చాలా ఉన్నాయి, ఏదయినా ఒకటే. ఆవిడ మూడంతస్తులూ తిరిగి, పది చీరలు చూసి, ఒకటి ఎంచుకుంది. తన డబ్బులతోనే కొంది. బిల్లు కట్టి బయటికి వస్తుంటే గేటు మోగింది. తలుపుకి రెండు పక్కలా నిలువుగా ఫ్రేముల్లాంటివి పెడతారు చూడండి, వాటి మధ్య నుంచి ఇద్దరం పక్కపక్కనే నడుస్తున్నాం. గార్డు నాతో "మేడం, మీరు వెళ్ళండి" అన్నాడు. ఆవిడతో "నువ్విటు రా" అన్నాడు. ఆడ గార్డు వచ్చి ఆవిడని ట్రయల్ రూము వైపు తీసుకెళ్ళింది. సంచీ బోర్లించారు. బిల్లు చూశారు, చీర విప్పి చూశారు, మళ్ళీ మడతపెట్టారు. ఏమీ దొరకలేదు. ఈసారి ఆవిడని ఒక్కదాన్నే గేటు దాటించారు. మోగలేదు. నేను దాటాను. మోగింది.

నా హ్యాండ్‌బ్యాగులో నాలుగు రోజుల ముందు వేరే షాపులో కొన్న ముఖానికి రాసుకునే క్రీము డబ్బా ఉంది. దాని లేబులు కింద చదరపు స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. ఆ షాపు కౌంటరులో దాన్ని పనిచెయ్యకుండా చెయ్యటం మర్చిపోయారు. నేనే బ్యాగు తెరిచి చూపించాను. నన్నెవరూ తెరవమనలేదు. "సారీ మేడం" అన్నారు, నవ్వారు. ఆవిడకి ఎవరూ సారీ చెప్పలేదు. దారిలో ఆవిడ ఒకే మాట అంది: "ఇంకెప్పుడూ మీతో పెద్ద షాపుకి రానమ్మా." నిజంగానే రాలేదు.

నేను సోషియాలజీ చదువుకున్నదాన్ని. కులం గురించీ వర్గం గురించీ తరగతి గదుల్లో పాఠాలు చెబుతాను. అయినా ఆ పది నిమిషాలూ నేను పక్కకి జరిగి నిలబడి ఉన్నాను. ముందే "నా బ్యాగు కూడా చూడండి" అని ఎందుకు అనలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ గేటు సంగతి చూద్దాం. ఆ స్టిక్కరులో లోహపు తీగ చుట్టలాంటిది ఒకటి ఉంటుంది. గేటు రెండు ఫ్రేముల మధ్య రేడియో తరంగాలు నడుస్తుంటాయి, ఎక్కువచోట్ల 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర. స్టిక్కరు వాటి మధ్యకి రాగానే ఆ తరంగానికి స్పందిస్తుంది, గేటుకి అది తెలుస్తుంది. కౌంటరులో బిల్లు వేసేటప్పుడు బల్ల మీద ఒక పలక మీద పెట్టి వస్తువుని జరుపుతారే, అప్పుడు స్టిక్కరు లోపలి భాగం కాలిపోయి మూగబోతుంది. అంతే దాని విద్య. గేటుకి తెలిసేది ఒక్కటే: ఇక్కడ కాలని స్టిక్కరు ఉంది అని. ఎవరి దగ్గర ఉందో దానికి తెలియదు. అది ఏ షాపుదో తెలియదు. మిగిలిన నిర్ణయం గార్డుది. ఎవరి చీర నలిగి ఉంది, ఎవరి కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి, ఎవరిని నువ్వు అనొచ్చు అన్నది అతను యంత్రం దగ్గర నేర్చుకోలేదు. ఊళ్ళో నేర్చుకున్నాడు. యంత్రం అతని అనుమానానికి ఒక సాకు ఇచ్చింది.

ఇది పాత తరం యంత్రం. దీని తర్వాత వచ్చినదాన్ని ఆర్.ఎఫ్.ఐ.డి. ట్యాగు అంటారు. ఇందులో చిప్పు ఉంటుంది, చిప్పులో నంబరు ఉంటుంది. బార్‌కోడుకీ దీనికీ తేడా మనం అర్థం చేసుకోవాలి. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్లో మొదటిసారి ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని బార్‌కోడుతో బిల్లు చేశారు. ఆ బిల్లు వేసింది షారన్ బ్యుకానన్ అనే మహిళ. బార్‌కోడు గీతలు ఇది ఫలానా రకం చూయింగ్ గమ్ అని మాత్రమే చెబుతాయి. ఆ రకం పొట్లాలన్నిటికీ ఒకే గీతలు. పైగా కౌంటరులో ఉన్న మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, కాంతికి చూపించాలి. చిప్పు అలా కాదు. అది ఇది ఫలానా రకం చొక్కా అని చెప్పి ఊరుకోదు, ఇది ఆ రకంలో ఫలానా ఒక్క చొక్కా అని చెబుతుంది. దానికి బ్యాటరీ లేదు. చదివే యంత్రం పంపే తరంగాల నుంచే శక్తి తీసుకుని జవాబిస్తుంది. దుకాణాల్లో వాడే రకాన్ని కొన్ని మీటర్ల దూరం నుంచి, సంచీలో ఉండగానే, ఒకేసారి వందల సంఖ్యలో చదవొచ్చు. మన దేశంలో దీనికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు తరంగాలని లైసెన్సు అక్కర్లేకుండా 2005లోనే వదిలారు. చెల్లింపు కార్డుల్లో ఉండేది ఇంకో రకం. ఎన్.ఎఫ్.సి. అంటారు. అది 13.56 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, నాలుగు వేళ్ళ దూరం దాటితే పనిచెయ్యదు.

ఈ ట్యాగు ఎక్కడ పుట్టిందో విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచనలో పడ్డాను. 1990ల చివర ఇంగ్లండులో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కెవిన్ ఆష్టన్ అనే యువకుడు ఆయిల్ ఆఫ్ ఒలే సౌందర్య సాధనాల అమ్మకాలు చూసేవాడు. గోధుమ రంగు లిప్‌స్టిక్ ఒకటి షాపుల అరల్లో ఎప్పుడు చూసినా అయిపోయి ఉండేది. గోడౌనులో మాత్రం సరుకుండేది. అరలో ఏముందో కంపెనీకి తెలిసే దారి లేదు. ప్రతి లిప్‌స్టిక్‌లోనూ ఒక చిన్న చిప్పు పెడితే అర తనంతట తానే చెబుతుంది కదా అని అతనికి తోచింది. 1999లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆటో-ఐడి సెంటర్ అనే పరిశోధనా కేంద్రం మొదలవటానికి అదే మూలం. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అని ఇవాళ అందరూ పలికే మాట కూడా అతను ఆ ఏడాదే ఒక ఉపన్యాసానికి పెట్టుకున్న పేరు.

అరలో లిప్‌స్టిక్ ఉందా లేదా అన్న విషయం షాపులో నిలబడే అమ్మాయికి తెలుసు. ఆమెకి రోజూ తెలుసు. "ఆ రంగు మళ్ళీ అయిపోయింది సార్" అని చెప్పే ఉంటుంది. ఆమె మాట పైకి వెళ్ళే దారి లేదు గానీ చిప్పు మాట పైకి వెళ్ళటానికి కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారు. ఈ చరిత్ర రాసినవాళ్ళు ఆమె గురించి ఒక్క వాక్యం రాయగా నేను చూడలేదు.

లిప్‌స్టిక్ కథ అక్కడితో అయిపోలేదు. 2003లో ఒక్లహోమా రాష్ట్రంలో బ్రోకెన్ ఆరో అనే ఊళ్ళో వాల్‌మార్ట్ దుకాణంలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళే మాక్స్ ఫాక్టర్ లిప్‌ఫినిటీ అనే లిప్‌స్టిక్‌ల ప్యాకెట్లలో చిప్పులు పెట్టారు. అర కింద చదివే యంత్రం దాచారు. పైన కెమెరా. వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో, సిన్సినాటిలో ఉన్న కంపెనీ పరిశోధకులు తమ కంప్యూటర్ల ముందు కూర్చుని, ఆ దుకాణంలో లిప్‌స్టిక్ తీసి, రంగు చూసుకుని, పెట్టేసే ఆడవాళ్ళని చూశారు. ఇలా నాలుగు నెలలు సాగింది. ఆ నవంబరులో షికాగో సన్-టైమ్స్ పత్రిక బయటపెట్టేదాకా ఆ స్త్రీలలో ఎవరికీ తెలియదు. కెమెరాలూ భద్రతా పరికరాలూ ఉన్నాయని అక్కడ బోర్డు పెట్టామని కంపెనీ చెప్పుకుంది. దొంగల కోసమని మనం అనుకునే బోర్డు అది. మిమ్మల్ని అధ్యయనం చేస్తున్నాం అని ఆ బోర్డు మీద లేదు.

నేను పరిశోధకురాలిని. క్షేత్ర పరిశోధనకి వెళ్ళినప్పుడు ఒక స్త్రీతో మాట్లాడాలంటే ముందు నేనెవరో చెప్పాలి, ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి, ఇష్టం లేకపోతే మాట్లాడొద్దని చెప్పాలి. వాళ్ళు "అయితే వద్దులే తల్లీ" అని లేచిపోయిన రోజులున్నాయి. ఎండలో ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. ఆ కంపెనీ పరిశోధకులకి ఆ కష్టం లేకుండా పోయింది. ఈ సాంకేతికత గొప్పతనంగా చెప్పేది కూడా అదే: ఆగక్కర్లేదు, చూపించక్కర్లేదు, అడగక్కర్లేదు. అడగటమనే ఆ ఒక్క క్షణాన్ని తీసేస్తే వ్యాపారం వేగంగా సాగుతుంది. నిజమే. కానీ స్త్రీల ఉద్యమం ఇంట్లోనూ, ఆఫీసులోనూ, ఆసుపత్రిలోనూ ఇన్నేళ్ళుగా పోరాడి తెచ్చుకోవాలని చూస్తున్నది ఆ క్షణాన్నే కదా. వద్దు అనటానికి ఒక చోటు కావాలి. అడగనివాడికి వద్దని ఎలా చెబుతాం?

2003లోనే ఇంకో రెండు జరిగాయి. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఒక టెస్కో దుకాణంలో జిలెట్ బ్లేడ్ల ప్యాకెట్టు తీసినవాళ్ళని తీసినట్టే అర ఫొటో తీసేది. జనం దుకాణం ముందు నిరసనకి దిగారు. ఇటలీ కంపెనీ బెనెటన్ తన సిస్లీ దుస్తుల్లో చిప్పులు పెట్టబోతోందని మార్చిలో ప్రకటన వచ్చింది. అమెరికాలో క్యాథరిన్ ఆల్‌బ్రెక్ట్ నడిపే వినియోగదారుల సంఘం బహిష్కరణకి పిలుపిచ్చింది. ఏప్రిల్లో బెనెటన్ వెనక్కి తగ్గింది. (ఆల్‌బ్రెక్ట్ తర్వాత ఈ చిప్పుల్ని బైబిల్లో చెప్పిన మృగ చిహ్నంతో ముడిపెట్టి పుస్తకం కూడా రాసింది. ఆ దారిలో నేను ఆమెతో వెళ్ళలేను. కానీ అందరికంటే ముందు అరుపు అరిచింది ఆమే.) మరుసటి ఏడాది జర్మనీలో మెట్రో కంపెనీ ఖాతాదార్లకిచ్చిన కార్డుల్లో చెప్పకుండా చిప్పులు పెట్టిందని ఒక పౌరహక్కుల బృందం కనిపెట్టింది. ఫిబ్రవరిలో ఆ కార్డుల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ అరుపులు ఆగిపోయాయి, చిప్పులు మాత్రం వచ్చేశాయి. జారా, యూనిక్లో, డెకాత్లాన్ లాంటి కంపెనీలు దాదాపు ప్రతి దుస్తుకీ ట్యాగు పెడుతున్నాయి. బుట్టలో వేసిన బట్టలన్నిటినీ ఒక తొట్టిలో పడేస్తే ఒక్కసారిగా బిల్లు వస్తుంది. స్టాకు లెక్కకి ఒకప్పుడు రాత్రంతా షాపు మూసి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు చేతిలో రీడరు పట్టుకుని వరసల మధ్య నడిస్తే చాలు. ఆ ట్యాగుల్ని షాపులో కట్టరు. చాలామటుకు బట్ట కుట్టినచోటే, ఫ్యాక్టరీలో ప్యాకింగు దగ్గర తగిలిస్తారు. బంగ్లాదేశ్‌లో, తిరుప్పూరులో, బెంగుళూరులో ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. మన అచ్యుతాపురంలో వేలమంది అమ్మాయిలు విదేశీ కంపెనీలకి లోదుస్తులు కుడుతున్నారు. చొక్కా ఫ్యాక్టరీ దాటిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడ తిరిగిందో ఆ నంబరు చెబుతుంది. కుట్టిన అమ్మాయికి ఆ రోజు ఎంత కూలి ఇచ్చారో మాత్రం చెప్పదు. చెప్పలేక కాదు. ఆ గడి ఎవరూ పెట్టలేదు.

ఇక ఫోను. 2013 డిసెంబరులో ఆపిల్ కంపెనీ అమెరికాలోని తన దుకాణాల్లో బ్లూటూత్‌తో పనిచేసే చిన్న పెట్టెల్ని పెట్టింది. అవి తమ ఉనికిని చాటుతూ ఉంటాయి, మన ఫోనులో ఉన్న యాప్ వాటిని విని మనం ఏ అర దగ్గర నిలబడ్డామో లెక్క కడుతుంది. నోమీ అనే ఇంకో అమెరికా కంపెనీ షాపుల్లోకి వచ్చినవాళ్ళ ఫోన్లు వైఫై కోసం వెతుక్కునేటప్పుడు పలికే నంబర్లని పట్టుకుని లెక్కపెట్టేది. ఇష్టం లేనివాళ్ళు షాపులోనే తప్పుకోవచ్చని హామీ ఇచ్చి, షాపుల్లో ఆ ఏర్పాటే చెయ్యలేదని 2015లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద చర్య తీసుకుంది. పోగొట్టుకున్న తాళాలు వెతకటానికి 2021లో వచ్చిన ఎయిర్‌ట్యాగ్ కూడా ఈ కుటుంబంలోదే. దాన్ని మాజీ భార్యల కార్లలోనూ ప్రియురాళ్ళ బ్యాగుల్లోనూ దాచిన మగవాళ్ళ గురించి ఆ తర్వాత కోర్టు కేసులే నడిచాయి. తమది కాని ట్యాగు వెంట వస్తుంటే ఏ రకం ఫోనయినా హెచ్చరించే ఉమ్మడి ఏర్పాటుని ఆపిల్, గూగుల్ 2024 మేలో తెచ్చాయి. మూడేళ్ళు పట్టింది.

ఇంతవరకూ చెప్పింది వింటే నేను ఈ ట్యాగులకి పూర్తిగా వ్యతిరేకినని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, ఇక్కడ కూర్చున్న ఒకమ్మాయి నాతో మాట్లాడేదాకా. బట్టల షాపుల్లో స్టాకు తగ్గితే ఆ సెక్షను అమ్మాయిల జీతంలో కోస్తారని మీకందరికీ తెలుసు. ఎవరు తీశారో తెలియదు, అందరికీ కటింగే. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు బ్యాగులు తెరిచి చూపించాలి, కొన్నిచోట్ల ఒళ్ళు తడుముతారు. ఆ అమ్మాయి అంది, "మేడం, ట్యాగు రావటమే మాకు మంచిది. ఏ పీసు ఎన్నింటికి బయటికెళ్ళిందో దానికి తెలుస్తుంది కదా. మా ఒంటి మీద చెయ్యి వెయ్యక్కర్లేదు." దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ రోజు గేటు దగ్గర కొత్త రకం యంత్రం ఉండుంటే, ఆ క్రీము డబ్బా తమ షాపుది కాదని అదే చెప్పేది. మా ఇంటి ఆవిడ సంచీ ఎవరూ బోర్లించేవాళ్ళు కాదు. దానికి బదులు మా ఇద్దరి దగ్గరా ఉన్న ట్యాగు వస్తువులన్నీ, అవి ఎక్కడ కొన్నవైనా సరే, ఆ యంత్రం వినేది. ఆవిడ పరువు నిలబడటానికి నా బ్యాగు విప్పాలంటే నేను విప్పుతాను. ఆ బేరం మా ఇద్దరి మధ్య జరిగితే బాగుండేది. షాపువాడు తనంతట తానే కుదుర్చుకోవటం మీదే నా అభ్యంతరం.

ఆ అమ్మాయికే ఇంకో సంగతి కూడా చెప్పాలి. వస్తువుకి కట్టిన ట్యాగు వస్తువు దగ్గరే ఆగదు. మెడలో వేసుకున్న ఐడీ కార్డులో కూడా అలాంటి చిప్పే ఉంటుంది. ఎన్నింటికి వచ్చింది, బాత్రూముకి వెళ్ళి ఎంతసేపటికి తిరిగొచ్చింది, ఏ కౌంటరు దగ్గర ఎన్ని నిమిషాలుంది అన్నవి లెక్కపెట్టటం వాళ్ళకి కష్టం కాదు. రోజంతా కూర్చోవటానికి స్టూలు లేని ఉద్యోగం మీది. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే స్త్రీలు విజి నాయకత్వంలో కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు సవరించింది. ఒక ముక్కాలి పీట కోసం పదేళ్ళు పోరాడాల్సిన చోట, నిలబడ్డ నిమిషాల్ని లెక్కపెట్టే యంత్రం మాత్రం ఎవరినీ అడక్కుండా వచ్చేస్తుంది.

చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. గోప్యత పైతరగతి వాళ్ళ విలాసం అనేవాళ్ళకి మన హైకోర్టుని గుర్తుచెయ్యాలి. 1983లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, టి. సరిత కేసులో, ఇష్టం లేని భార్యని కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించటం ఆమె గోప్యతకి భంగమని అన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు, అది వేరే చర్చ. తన దేహం గురించి తనదే నిర్ణయం అన్న అర్థంలో గోప్యత మన దగ్గర ఒక తెలుగు స్త్రీ కేసులోనే మొదట గట్టిగా వినిపించింది.

ఆ తీర్పు తర్వాత ఆరేళ్ళకి, 2023 ఆగస్టులో, వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావటానికి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. మన సమాచారం తీసుకోవాలంటే సమ్మతి కావాలని ఆ చట్టం చెబుతుంది. కొన్నిటికి సమ్మతి అక్కర్లేదని ఏడో సెక్షనులో చెబుతుంది. అందులో ఉద్యోగానికి సంబంధించిన అవసరాలూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవటమూ ఉన్నాయి. దీన్ని రెండుసార్లు చదవండి. అదే షాపులో, అదే అర దగ్గర, చీర చూసే నన్ను అడగాలి. చీర చూపించే అమ్మాయిని అడగక్కర్లేదు. స్టాకు పోవటం నష్టం కాదా, ఆలస్యంగా రావటం నష్టం కాదా, బాత్రూములో పది నిమిషాలుండటం నష్టం కాదా అని యజమాని వాదించటానికి అక్కడ తలుపు తెరిచే ఉంది. చట్టం మీద చర్చ జరిగిన రోజుల్లో మనం, నాతో సహా, ప్రభుత్వం ఏం చూస్తుందో దాని మీదే రాశాం. ఈ సెక్షను మీద షాపు ఉద్యోగినుల తరఫున గట్టిగా మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు.

కొనేవాళ్ళ వైపు కూడా ఒక మాట. ట్యాగులో మన పేరు ఉండదు, నంబరే ఉంటుంది, భయమెందుకని షాపులవాళ్ళు అంటారు. నిజమే. కానీ బిల్లు దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి మేడం" అంటారే, ఆ నంబరూ ఈ నంబరూ ఒకే వరసలో రాసుకున్న క్షణం నుంచి ఆ చొక్కా మనిషవుతుంది. ఫోను నంబరు ఇచ్చి తీరాలని పట్టుపట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చిల్లర దుకాణాలకి సూచన ఇచ్చింది. నేను అప్పటినుంచీ ఇవ్వటం మానేశాను. ప్రతిసారీ కౌంటరులో అమ్మాయి ఇబ్బంది పడుతుంది, ఎందుకంటే నంబరు లేకుండా ఆమె కంప్యూటరు ముందుకి కదలదు. వరసలో వెనకవాళ్ళు విసుక్కుంటారు. యజమాని అక్కడ ఉండడు. వద్దు అనే మన హక్కుకి ధర ఆ అమ్మాయి చెల్లిస్తోంది. అందుకే ఇది ఒంటరిగా చేసే పని కాదంటున్నాను.

ఇంటి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. పిన్ నొక్కకుండా కార్డు తాకించి చెల్లించటానికి రిజర్వు బ్యాంకు 2015లో రెండు వేల రూపాయల దాకా అనుమతిచ్చింది. 2021 జనవరి 1 నుంచి దాన్ని అయిదు వేలు చేసింది. నాకు తెలిసిన ఒక టీచరు, తన జీతం కార్డు పెళ్ళయిననాటి నుంచీ భర్త పర్సులోనే ఉందని చెప్పింది. పిన్ ఆమె చెప్పకుండా కొన్నాళ్ళు లాక్కొచ్చింది. ఆమెకున్న ఒకే ఒక్క తాళం అది. ఇప్పుడు అయిదు వేల లోపు దేనికీ ఆ తాళం అవసరం లేదు. ఖర్చయినట్టు మెసేజి కూడా భర్త ఫోనుకే పోతుంది, ఖాతాకి ఆ నంబరే ఇచ్చారు గనక. మరోపక్క, పిన్ నొక్కుతుంటే కౌంటరులో మగవాళ్ళు తొంగిచూడటం తప్పిందని సంతోషించేవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజాలే. ఒక మంచి సంగతి ఏమిటంటే, 2020 జనవరిలో రిజర్వు బ్యాంకే ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్త కార్డులో ఈ సౌకర్యం ఖాతాదారు కోరితేనే ఇవ్వాలి, ఎప్పుడంటే అప్పుడు ఆపుకునే వీలుండాలి, పరిమితి తగ్గించుకునే వీలుండాలి. అది అదే అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ఆ టీచరుకి చెప్పాను. ఏటీఎంలో కూడా ఆపొచ్చు, యాప్ అక్కర్లేదు అని. కార్డు తన చేతికొచ్చిన రోజు చేస్తానంది.

అడగటం తప్పనిసరి చెయ్యటం కుదిరేపనేనా అంటే, కుదిరేపనే. 2009 మేలో ఐరోపా కమిషన్ ఒక సిఫార్సు చేసింది: కొన్నవాళ్ళు ఉంచమంటే తప్ప, కౌంటరు దగ్గరే, ఉచితంగా ట్యాగుని పనిచెయ్యకుండా చెయ్యాలి అని. ప్రమాదం లేదని పరీక్షించి తేలిస్తే మినహాయింపు కూడా ఇచ్చింది, అది దాని బలహీనత. చిప్పుల ప్రమాణాల్లోనే ట్యాగుని శాశ్వతంగా చంపే ఆజ్ఞ ఒకటి 2004 నుంచీ ఉంది. వాపసు వచ్చిన బట్టని గుర్తించటానికి ట్యాగు బతికుండటం షాపుకి లాభం, అందుకని వాడరు. మన దగ్గర షాపుల చట్టాలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఉద్యోగిని కార్డుతో దేన్ని లెక్కపెడుతున్నారో రాసి గోడ మీద తెలుగులో అంటించాలనీ, ఆ లెక్కతో జీతం కొయ్యకూడదనీ, అదే లెక్క ఆమె అడిగితే ఆమెకీ ఇవ్వాలనీ అడగొచ్చు. చివరిది నాకు అన్నిటికంటే ఇష్టం. పన్నెండు గంటలు నిలబెట్టారని రుజువు చెయ్యటానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇప్పుడు ఈ కాగితం చూడండి. నా కొత్త కుర్తా ధర చీటీ ఇది. మామూలుగా కనిపిస్తోంది. ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తాయి, అది యాంటెన్నా. వాటి మధ్య నల్లగా చుక్కంత ఉన్నది చిప్పు. కొన్నిటిని బట్ట లోపలే, ఉతికే పద్ధతి రాసిన తెల్ల పీలికలో కుట్టేస్తారు, దాన్ని కూడా వేళ్ళతో నలిపి చూడటం అలవాటు చేసుకోండి. ఆ చివర కూర్చున్నవాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఇది అందరి చేతుల్లోకీ వెళ్ళనివ్వండి. షాపుల్లో పనిచేసేవాళ్ళు మీ ఐడీ కార్డు కూడా తీసి అలాగే వెలుతురుకి పట్టుకుని చూడండి. ఏం కనిపించిందో చెప్పండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.